గడియారం కింద నిలబడే పని

థియేటర్లో నా పని
గడియారం కింద నిలబడి టైం చెప్పడం.
కత్తి నాది కాదు, కుట్టు నాది కాదు.
తెల్లబోర్డు మీద రెండు గడులు గీసి రాస్తాను:
బిగించినది పది నలభై రెండు.
వదిలినది, ఖాళీ.

బల్లమీద సూరాడ ఎల్లాజీ,
ఫిషింగ్ హార్బర్లో బోటుకి సరంగు.
వేట నిషేధం చూసుకుని వచ్చాడు.
"ఎలాగూ బోటు కట్టేసే ఉంటాది,
ఈలోగా నన్నూ కోసీండమ్మా" అన్నాడు
మత్తు సూదికి ముందు.
చేతుల నిండా తాళ్ళు ఒరిసిన పాత గీతలు,
వాటి మధ్య నరం కోసం మూడుసార్లు గుచ్చాం.

కాలేయం తడిసిన ఇటుక రంగులో ఉంది.
కుడి అంచున నిమ్మకాయంత గడ్డ.
కింద పెద్ద సిర,
కాళ్ళ నెత్తురంతా గుండెకి మోసేది,
నీలంగా, పల్చగా, ఊపిరితో కదులుతూ.
పట్నాయక్ మేడం దానికి క్లాంపు వేశారు.
కోతలో ఊరుతున్న నెత్తురు
చెప్పిన మాట విన్నట్టు తగ్గింది.
"బీపీ?"
"డెబ్బై ఎనిమిది."
"ఐదు నిమిషాలు" అన్నాను.
"పది."
ఎవరూ తలెత్తలేదు.
పద్నాలుగు దగ్గర నా గొంతు
నాకే పెద్దగా వినబడింది.
వదిలారు. సిర నిండింది.
సీసాలో నెత్తురు నాలుగొందలు దాటలేదు.
బాగా తక్కువ, అనుకున్నారు అందరూ.
నేనూ అనుకుని, బోర్డు తుడిచేశాను.

నాలుగో రాత్రి ఎల్లాజీ
మంచం మీద లేచి కూర్చుని
కిటికీ వైపు నోరు తెరిచాడు.
సముద్రం మీది గాలంతా అక్కడే ఉంది,
అతనికే అందలేదు.
ఎడమ పిక్క ఉబ్బి నున్నగా మెరుస్తోంది.
ఎక్కడో ఆగినచోట గడ్డకట్టిన ముక్క
ఊపిరితిత్తికి దారి కనుక్కుంది.

ఆ పద్నాలుగు నిమిషాల్లో పుట్టిందా,
మూడు రోజుల మంచంలోనా,
ముప్పై ఏళ్ళ చుట్టలోనా?
మేడం స్కాన్ బొమ్మ పట్టుకుని చాలాసేపు నిలబడి
"బిగించకపోతే బల్లమీదే పోయేవాడు" అన్నారు,
ఎవరూ అడక్కుండానే.
నిజమే కావచ్చు.

మెట్లమీద అతని భార్య నూకరత్నం.
నెత్తురు పలచబడే మందు ఇస్తున్నామన్నాను,
లోపలి కోత ఇంకా పచ్చిది,
అక్కడ కారినా కారొచ్చనీ చెప్పాను.
"రెండు నెల్లు ఆపీసిన ఇంజను
ముందల తిప్పినప్పుడు నల్లపొగ కక్కుతాదమ్మా,
గాబరాపడి కట్టీకూడదు" అంది.
కాసేపాగి,
"మరెన్నాళ్ళు కక్కుతాది?" అని
నన్నే అడిగింది.

జూన్ పద్నాలుగు అర్ధరాత్రి బోట్లు వదిలారు.
ఐదో అంతస్తు కిటికీలోంచి
దీపాలు వరసగా డాల్ఫిన్స్ నోస్ దాటడం చూశాను.
ఎల్లాజీ బోటు ఎవరు నడుపుతున్నారో తెలీదు.
అతని ఆక్సిజన్ ఆ రోజే
రెండు లీటర్లకి తగ్గింది.

పొద్దున్న ఇంకో కాలేయం.
బోర్డు మీద బిగించినది, వదిలినది రాసి
పక్కన మూడో గడి గీశాను.
దానికి పేరు పెట్టబోయేలోగా
మేడం చెయ్యి చాచారు,
నేను గడియారం చూశాను.