పదిహేడు

పిడికెడు వడ్లు మీటర్ల పోస్త, అంకె చెప్త.
నా పని అంతే.
పదిహేడు లోపలుంటే కాంటాకు, దాటితే మళ్ల ఎండకు.
పందొమ్మిది పాయింట్ నాలుగు అంటే
రైతు నా మొఖం జూడడు, మీటరును జూస్తడు.
"అది ఖరాబైంది చెల్లే, నిన్న పదహారు జూపెట్టింది."
రాత్రి జల్లు పడ్డదని
వడ్లకు తెలుసు, మీటరుకు తెలుసు,
ఆయనకూ తెలుసు.

తిప్పర్తి కాడ మా మహిళా సంఘం నడిపే కొనుగోలు కేంద్రం.
లారీ రాక పదకొండు దినాలాయె.
కుప్పకొకరు కాపలా.
మూడు దాటితే అందరు నా షామియానా కిందికి జేరుతరు.
పొద్దు ఎట్ల గడవాలె?
ఎండల కూసోని ఎండ గురించే కొట్లాట.

కత్తుల అంజిలయ్య ఎత్తుకుంటడు:
"ఎండలు కొత్తయా?
రోహిణి కార్తెల రోళ్లు పగుల్తయన్నరు.
ఆ మాట మొన్న పుట్టిందా?"

జానీమియా బీడీ ఆర్పుతడు:
"పగిలినయి మామా, కాదన్ననా?
గని రాత్రికి సల్లబడేది.
ఇప్పుడు అర్ధరాత్రి లేసి గోడ ముట్టుకో,
జరమొచ్చిన పోరని వీపు లెక్కుంటది."

గుట్టలు పేల్చిన క్రషర్లు అని ఒకరు,
మిల్లుల పొగ అని ఒకరు,
కలికాలం, దేవునికి కోపమొచ్చిందని ఒకరు.
"మనం మళ్లల్ల కొయ్యకాలుకు అగ్గి వెడ్తలేమా?"
అని సైదమ్మ మెల్లగ అన్నది.
ఆ మాటకు మాత్రం ఎవ్వరు ఊ కొట్టలె.

డిగ్రీ చదివే శివలింగం ఫోను పక్కన వెట్టి
"బొగ్గు, పెట్రోలు. నూటాయాభై ఏండ్ల పొగ,
ఎక్కువ కాల్చింది దూరదేశపోళ్లు,
ఉడికేది మనం" అంటే
"అంత పొగైతే కండ్లకు కానరాదా?" అని అంజిలయ్య.
"వడ్లల్ల తేమ కానొస్తదా?" అని పిలగాడు.

అందరు నా దిక్కు జూసిన్రు.
నేను మీటరు కొంగుతోని తుడ్సుకుంట కూసున్న.

మా అవ్వది మర్రిగూడ దిక్కు.
ఆమె నడుము వంగినప్పుడు గూడ గిట్లనే మాట్లాడిన్రట.
దిష్టి అన్నరు. ముసలితనమన్నరు,
ముప్పై నాలుగేండ్ల మనిషిని.
సీసాల నీళ్లు వట్టుకపోయిన సారెవరో వచ్చి
బోరు నీళ్లతోనే అని చెప్తే
"మా తాతలు తాగిన నీళ్లు" అని ఎగవడ్డరట.
ఆ బోరు ఏసి అప్పటికి తొమ్మిదేండ్లు.
పంచాయితి తెగేసరికి
అవ్వకు తల ఎత్తుడు బందైంది.
పొద్దున వాకిట్ల నిలవడి, నేల జూసుకుంటనే
"మొగులు ఎట్లుందే?" అని నన్నడిగేది.

ఐదింటికి పడమట నల్లగైంది.
మాట నడుమల తెగింది. ఎవరూ గెల్వలె.
చెప్పులు ఇడిసిన కాన్నే ఇడిసి ఉరికిన్రు.
అంజిలయ్య కుప్ప మీద మూడు టార్పాలిన్లు.
పోయినేడు ఒక్కటే ఉండె.
ఏం మారిందని కొన్నవు మామా, అని
నోటిదాక వచ్చింది.
గాలికి టార్పాలిన్ ఎగిరి ఆయన మొఖానికి కొట్టింది.
ఒక మూల నాకందిచ్చి
"గట్టిగ పట్టు బిడ్డా" అన్నడు.
పట్టిన.
అటు మూల జానీమియా,
ఇంకో మూల మీద పిలగాడు బోర్ల పండిండు.
రేగుపండ్లంత వడగండ్లు
మా నలుగురి వీపుల మీద ఒక్క తీరుగనే పడ్డయి.

తెల్లారి మొదటి పిడికెడు ఆయనదే.
పోసిన. ఇరవై రెండు.
ఈసారి మీటరును ఏమనలె.
వడ్లను అరచేతిల ఏసుకొని వాసన జూసిండు.
మొలక వాసన నాదాక వచ్చింది.
"ఇంకొక్కపారి వెట్టు" అన్నడు.

వెట్టిన.
ఇరవై రెండు పాయింట్ ఒకటి.