ఇంటి మాట

కావలి బళ్లో నోరు జారి
మా ఇంటి మాట ఒకటి పైకొస్తే
బెంచీలన్నీ నవ్వినాయి.
అరవమూ కాదు, తెలుగూ కాదు,
చేపల వాసనొస్తా ఉండాదన్నారు.
ఆ రోజు నుంచీ దాన్ని తుమ్మలపెంటలోనే వొదిలేసి
బస్సెక్కేదాన్ని.

మొన్న తుఫాను మర్నాడు
ఇంజను చచ్చిన పడవొకటి ఇసకమేటకు తట్టుకునింది.
పదకొండుమంది. పెదాల మీద ఉప్పు పెచ్చులు.
మెరైన్ కానిస్టేబులు తెలుగులో అడిగాడు,
హిందీలో అరిచాడు,
లాఠీతో ఇసకలో గీత గీశాడు.
దాటొద్దు, పైనుంచి ఆర్డరు రావాల.

గీతకవతల ఒక బిడ్డ
మా చెంబు చూసి ఏదో అనింది.

నాకు అర్థమైంది.
ఇన్నేళ్లూ అర్థంకానట్టు నటించిన నాకు.
నేను నోరు తెరిచేలోపే
మా అవ్వ వల్లెమ్మ గీత తొక్కేసింది,
గంజి చట్టితో, కిందికి చూడను కూడా చూడకుండా.
"తణ్ణి అంటే నీళ్లు నాయనా,
నీళ్లకు ఆర్డరేంది?"

పొద్దుగూకేదాకా నేనే వాళ్ల నోరు.
కాయితంలో పుట్టినవూరని ఒక గడి.
ఒకామె పేరు చెప్పి,
ఆ వూరిప్పుడు లేదనింది.
దీన్నెట్ట రాయాలని ఆయన నన్నడిగాడు,
లాఠీ చంకలో పెట్టుకోని.

వ్యాను వచ్చింది. ఏ క్యాంపుకో ఆయనకీ తెలీదు.
మెట్టు మీద ఆగి బిడ్డ అడిగింది,
మళ్లీ సముద్రమేనా అని.
కాదన్నా.
తెలిసి కాదు.
ఇంటి మాటలో, గట్టిగా,
ఆ బెంచీలన్నిటికీ వినపడేటట్టు.