తొంభై నంబరు సూదులు

నాలుగూ నలభై ఒకటికి డిపో గేటు దాటాలి.
నాలుగూ యాభై మూడుకి పూలమార్కెట్టు స్టాపు.
పంతొమ్మిదేళ్లుగా తొమ్మిదో నంబరు ట్రాము నాది.
పోజ్నాన్‌లో పొద్దు
ముందు నా చేతివాచీలో పొడిచి, తర్వాతే ఆకాశంలోకి వెళ్తుంది.
నిమిషం ముందైనా సంజాయిషీ,
నిమిషం వెనకైనా సంజాయిషీ.

అందుకే జగోదతో అన్నాను:
ఈసారి మూడు రోజులు సముద్రానికి పోదాం,
వాచీని వంటింటి సొరుగులో
గరిటెల మధ్య పడుకోబెట్టి.

సరే అంది.
అని, గళ్ల నోటుబుక్కు తీసింది.

శుక్రవారం: రైలు, బస్సు, ఆరింటికి సూర్యాస్తమయం.
శనివారం: దీపస్తంభం, నూట డెబ్బై మెట్లు.
ఆపైన ఆంబర్ మ్యూజియం, ఆపైన పొగబెట్టిన చేప,
ఆపైన చిన్న అక్షరాలతో
"విశ్రాంతి, గంటన్నర".

ఆ గంటన్నరను చూస్తూ ఉండిపోయాను.
అదీ ఒక స్టాపే.
తలుపులు తెరుచుకుంటాయి, గంట మోగుతుంది,
తలుపులు మూసుకుంటాయి.

గది కోసం మేవ్కోవోకి ఫోను చేశాను.
ఎంత ఊరని! మ్యాపు మీద కాఫీ చుక్క పడితే
ఇక ఊరు లేదు.
అవతల ఓ పెద్దావిడ గొంతు, గొంతు వెనక రేడియో,
రేడియో వెనక గాలి.

"అక్టోబరులోనా?" అంది,
తెలియనివాడు అప్పు అడిగినట్టు.
"అక్టోబరులో ఇక్కడేముంటుంది నాయనా,
దీపస్తంభానికి తాళం వేశారు.
మ్యూజియానికి సున్నాలు కొడుతున్నారు.
చేపల బ్రోనెక్ మోకాలి ఆపరేషనుకి వెళ్లాడు.
ఐస్‌క్రీం బండి మీద టార్పాలిన్ కప్పారు కానీ
సరిగా కట్టి చావలేదు,
రాత్రంతా టపటపా కొట్టుకుంటుంది, నిద్ర కూడా పట్టదు.
బెంచీలున్నాయి.
తడిగా ఉంటాయి."

ఇంత నిజాయితీగా నాకెవరూ
ఏదీ అమ్మలేదు ఇంతవరకు.

"వస్తాం" అన్నాను.
కాసేపు గాలి ఒక్కటే మాట్లాడింది.
"అయితే హీటరున్న గది ఇస్తాను" అంది.
ఇంకాసేపాగి, గొంతు తగ్గించి,
"సిటీ నుంచే కదా వచ్చేది...
కుట్టుమిషను సూదులు తేగలరా? తొంభై నంబరువి.
ఉన్న ఒక్కటీ విరిగింది.
మీ గది కర్టెను సగంలో ఆగిపోయింది."

జగోదకి చెప్పాను, తిట్లకి సిద్ధపడి.
తిట్టలేదు.
స్కేలు పెట్టి దీపస్తంభాన్ని కొట్టేసింది,
మ్యూజియాన్ని కొట్టేసింది.
చేప దగ్గర పెన్సిలు కాస్త ఆగింది.
"ఆ మెట్లు ఈ ఏడే ఎక్కాలనుకున్నాను" అంది,
నాతో కాదు, కాగితంతో.
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు,
టీ పెట్టాను.

నిన్న చివరి స్టాపులో
ఏడు నిమిషాల విరామం.
రోడ్డు దాటితే బొత్తాల కొట్టు.
ముందు ఓ అమ్మాయి జిప్పు రంగు ఎంచుకుంటోంది,
నీలమా, మరీ నీలమా అని.
కొట్టావిడ నలభై సొరుగులు లాగింది,
నలభై ఒకటో దాంట్లో దొరికాయి నా సూదులు,
అయిదు, అగ్గిపెట్టెంత డబ్బాలో.

తిరిగొచ్చేసరికి నిమిషంన్నర ఆలస్యం.
ట్రాములో పదకొండుమంది.
ఎవరూ ఏమీ అనలేదు.
ఒక ముసలాయన మాత్రం వాచీ చూసుకుని,
నన్ను చూసి,
తన వాచీకే కీ ఇచ్చుకున్నాడు.

రాత్రి ఇంటికెళ్తే నోటుబుక్కు బల్ల మీద తెరిచే ఉంది.
శనివారం కింద తెల్లగా పేజీ.
విశ్రాంతి అన్న మాట కూడా కొట్టేసింది.
అడుగున, మూలకి,
ఇంకా తడి ఆరని సిరాతో ఒక్క ముక్క:

"ఐస్‌క్రీం బండికి తాడు.
నాలుగు మీటర్లు చాలేమో.
ఆరు తీసుకుందాం."