ఎడమచేతి కత్తి

రేపు అడవికి.
యాకుత్స్క్ బజారులో కొన్న స్లీపింగ్ బ్యాగ్
నేల మీద పరిచి చూపించాను.
మైనస్ నలభై అని చీటీ.
సర్గిలానా అత్త కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదివింది.
"ఎవరి నలభై ఇది?
కడుపు నిండా తిని, గాలి లేని గదిలో పడుకున్నవాడిదా?"

పెట్టె అడుగునుంచి కుందేలు తోళ్ళ దుప్పటి లాగింది.
అరవై కుందేళ్ళు. బరువే లేదు.
దులిపితే గదంతా బొచ్చు, నాకు తుమ్ములు.
"కింద రెండు రెయిన్‌డీర్ తోళ్ళు వెయ్యి.
చలి పైనుంచి రాదు, నేలలోంచి పాకుతుంది.
ముక్కు మాత్రం బయట పెట్టుకో.
లోపల వదిలిన ఊపిరి
తెల్లారేసరికి మంచై నీ పక్కనే పడుకుంటుంది."

తర్వాత నా కొత్త కత్తి.
పిడిలో దిక్సూచి, వీపున రంపం.
అత్త నవ్వలేదు.
"ఉక్కు పిడి. యాభైలో ఒట్టి చేత్తో పట్టుకున్నావో,
నీ తోలు దానికే ఇచ్చి వస్తావు."

మా ఇంటి కత్తులకి ఒక వైపు గాడి, ఒక వైపు ఉబ్బు.
అన్నీ కుడిచేతికి చేసినవి.
నేను చేప కోస్తే ఎప్పుడూ వంకరే.
ఇన్నేళ్ళూ నాకు పని రాదనుకున్నాను.

అత్త గోడ మీది సంచి దింపింది.
బిర్చ్ పిడి, నూనె తాగి నల్లబడింది.
గాడి అటు కాదు, ఇటు.
"బైబల్‌ది," అంది.
లేనా మీద మంచు పగిలి పోయిన మావయ్య.
ఆ రోజు కత్తి ఇంట్లో మరిచిపోయాడట.

గడ్డకట్టిన చేపను నిలబెట్టి కోశాను.
పొర తిన్నగా లేచి చుట్ట చుట్టుకుంది.
మొదటి ముక్క పొయ్యిలో వేసింది అత్త.
రెండోది తను తింది,
చాలాసేపు నమిలింది.