బెత్తెడు

వెళ్ళేది బుకారెస్టు నుంచి కిషినావుకి.
సాయంత్రం ఎక్కితే తెల్లారి పొద్దెక్కాక దిగుతామట.
టిక్కెట్టు అచ్చు తీసిచ్చిన నెట్ సెంటరు కుర్రాడు
"తాతా, ఇదేటూరు, పలాస అవతలా?" అన్నాడు.
అవతలే, అన్నాను.

టెక్కలి బస్టాండు పక్కన నేపాలీల దగ్గర
బేరమాడి తెచ్చిన స్వెట్టరు
నౌపడా ఎండలో తొడుక్కుని చూశాను.
ఉప్పుమళ్ళలో ఆడవాళ్ళు
పారలు ఆపి మరీ నవ్వారు.

అరకేజీ జీడిపప్పు, అటుకులు,
మూడు కవర్లలో చుట్టిన నిమ్మకాయ ఊరగాయ,
మా ఉప్పు చిన్న పొట్లం
(ఎందుకని అడిగితే ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు).
ఎండు నెత్తళ్ళు మాత్రం వద్దంది సూరమ్మ.
"నలుగురు తొంగునే పెట్టె అది.
ఆల ముక్కులు నీ ముక్కులాగ సచ్చిపోనేదు."

ముప్పై ఒక్క ఏళ్ళు
నేను ఈ స్టేషన్లో చిన్నబండి ఫిట్టర్ని.
రెండడుగుల ఆరంగుళాల పట్టాలు
గుణుపూరు నుంచి ఒగరుస్తూ వచ్చి
పెద్ద లైను పక్కన చతికిలబడేవి.
చింతపండు బస్తాలు, కోళ్ళ గంపలు,
పురిటికి పోయే పిల్ల,
బాసికం జారిన పెళ్ళికొడుకు, ఒకసారి చాపలో చుట్టిన శవం,
అందరూ ఇక్కడ దిగి, నడిచి, అటు ఎక్కాల్సిందే.
మా దగ్గర ఎన్నడూ బండి మారలేదు.
మనుషులే మారారు.

అక్కడ, ఉంగేని అనే సరిహద్దు ఊళ్ళో,
నడిరేయి, ఎవర్నీ దింపరట.
పెట్టెని జాకీల మీద ఎత్తి
కింది చక్రాలు లాగేసి
వేరే చక్రాలు తోస్తారట.
పైన జనం అలాగే పడుకుని ఉంటారట,
దుప్పటి కప్పుకుని, నోళ్ళు తెరుచుకుని.

ఆ దేశం పట్టాలకీ ఈ దేశం పట్టాలకీ
తేడా ఎనభై ఐదు మిల్లీమీటర్లు.
కూర్మయ్య నాలుగు వేళ్ళు దగ్గరికి చేర్చి
గాల్లో పెట్టి చూసుకున్నాడు.
బెత్తెడు.
"బెత్తెడు కోసం ఇంత అవస్తేటిరా!"
నవ్వి, మోకాలు పట్టుకున్నాడు.
ఇద్దరం వెళ్దామని మొదట అన్నది వాడే.
పాస్‌పోర్టు కూడా తీశాడు, అందులో ఒక్క ముద్రా లేదు.

చక్రాలు కొట్టి చూసే పాత సుత్తి
గోనెముక్కలో చుట్టి తెచ్చాడు.
బరువు ఎక్కువవుతుందిరా, అన్నాను.
"అయితే సెవి అట్టుకెల్లు.
పగులున్న సెక్రం ఎలాగ పలుకుద్దో నీకు తెలుసు గదా.
ఆలు సరిగ్గా కొడతన్నారో నేదో ఇనొచ్చి సెప్పు."

రేపు బయల్దేరాలి.
సూట్‌కేసు మంచం కిందికి పట్టడం లేదు.
సూరమ్మ పక్కింటి జోగినాయుణ్ణి పిలిచింది.
"మెల్లిగా. ఇప్పుడే కన్నంటింది మావోడికి."
తలవైపు ఎత్తి ఒక ఇటుక, ఇంకో ఇటుక.
కాళ్ళవైపు ఎత్తి ఒకటి.
పైన నేను, దుప్పటి ముసుగులో,
కళ్ళు మూసుకుని,
కాస్త నోరు కూడా తెరిచి పెట్టుకుని.

నాలుగో కోడు ఇటుక మీద కూర్చుంది.
చప్పుడు తేడాగా ఉంది.
ఊరుకుందామనే చూశాను.
"ఆ గోడవైపుది సరిగా పడనేదు,
మళ్ళా ఎత్తండి," అన్నాను
కళ్ళు తెరవకుండానే.