మళ్లా మంగళారం

తెల్లారి నాలుగున్నరకు పత్తికొండలో మొదటి బస్సు.
టమాటా గంపల నడుమ కాళ్లు ముడుచుకొని కూచుంటే
కర్నూలు పెద్దాసుపత్రి గేటు తెరిచేలోగా చేరొచ్చు.
చేరినా ముందర నలభైమంది ఉంటారు,
రాత్రే వచ్చి చెప్పులు వరసలో పెట్టి
వరండాలో పండుకున్నోళ్లు.
నా చెప్పులు నలభైయొకటో జత.

మొదట ఓపీ చీటీ. అది పట్టుకొని మానసిక విభాగం.
నాకు పిచ్చి లేదని ఒక సారు రాసియ్యాల,
నాకున్నది నిజమేనని ఇంకో సారు.
మొదటి కాగితం వచ్చి పద్నాలుగు నెలలు.
రెండోదానికే ఈ తిరుగుడు.
అదీ వస్తే హార్మోన్లంట,
ఆ డాక్టరు బదిలీ మీద పోయినాడు,
ఆయన జాగాలోకి ఎవరూ రాలేదు.
ఆపరేషనుకైతే బోర్డు కూచోవాలంట.
బోర్డంటే గోడకు కొట్టేదనుకున్నా మొదట్లో.
ఐదుగురు మనుషులంట,
ఐదుగురికీ ఒకే దినం తీరిక దొరకాలంట.

జులేఖక్క పట్టీలో నాకంటే నాలుగేళ్లు ముందుండాది.
పాతబస్తీ నుంచి స్టీలు డబ్బాలో ఉగ్గాని తెస్తాది,
మూతలో నాకు, డబ్బాలో తనకు.
"ప్రతి కాగితం మూడు జిరాక్సులు తీసుకో రా.
ఒకటి వాళ్లు పోగొట్టేదానికి,
ఒకటి నువ్వు పోగొట్టేదానికి,
ఇంకోటి ఎలకలకు."
నవ్వితే పౌడరు కింద
దవడ మీద గీసిన గడ్డం పచ్చగా కనబడతాది.
ఆయమ్మ వద్దనేదే నేను కావాలంటాండా.
చేతిలోంచి చేతికి ఇచ్చిపుచ్చుకునేదైతే
ఈ బెంచీ మీదే తీరిపోవు మా ఇద్దరి పనీ.

మన తెలుగు మంచిదే.
"నేను వచ్చినా" అంటే
వచ్చింది ఆడదో మగోడో అది అడగదు.
నేను, నేను అన్నంతసేపు నాకే తిప్పలూ లేవు.
పక్కోడు నోరు తెరిస్తేనే చిక్కు.
"యాడ పోయిందది?" అని గుమస్తా.
"ఈడే ఉండాది సార్" అని అటెండరు.
తలెత్తి నా చొక్కా, నా కటింగు చూసి
మళ్లా పుస్తకంలోకి తల వంచుకుంటాడు,
తప్పు అచ్చులో ఉన్నట్టు.

పుట్టినప్పుడు మా జేజి మొక్కి పెట్టిన పేరు సుంకులమ్మ.
నేను పెట్టుకున్నది సుంకన్న.
అదే తల్లి, అదే మొక్కు,
తోక ఒకటే వేరు.
ఆ తోక కోసం ఆధార్ కేంద్రమోళ్లు ఆస్పత్రికి పొమ్మంటే
ఆస్పత్రోళ్లు కలెక్టరాఫీసుకు పొమ్మనిరి.
కలెక్టరాఫీసులో ఏమడిగిరి?
ఆధార్.

పన్నెండున్నరకు తలుపు సందులోంచి కేక.
"సుంకులమ్మా!"
లేచినా.
వెనక వరసలో ఇంకెవరో లేచిన చప్పుడు.
దేవనకొండ అవ్వ. పొద్దున మాటల్లో చెప్పింది,
ఆరునెల్లుగా కంటిమీద కునుకు లేదంట.
చేతిలో కర్ర, కొంగున ముడేసిన చీటీ.
"నన్నేనా నాయనా పిలిచింది?"

నాయనా అనె.

ఒంటిగంటకు సారు లేచిపోతాడని నాకు తెలుసు.
నా చీటీ చెమటకు మెత్తబడి ఉండాది.
"నిన్నేలే అవ్వా. ఆ పేరు నీదే" అన్నా.
రెక్క పట్టి గడప దాటించినా.
లోపల ఆమె మొదలుపెట్టింది,
కొడుకు మందు తాగిన కాడినుంచి.
బయటికి వినబడతానే ఉండె.
ఒంటిగంటకు గొళ్లెం పడె.

"బుద్ధుందా రా నీకు, ఎద్దులాంటోడా!"
జులేఖక్క మెట్ల మీద అందరూ చూసేటట్ల తిట్టె.
ఇంకా రెండు తిడితే బాగుండుననిపించె.
గుమస్తా పేజీ తిప్పి తేదీ వేసినాడు.
మళ్లా మంగళారం,
సారు లీవులో లేకపోతే.

సాయంత్రం బస్సులో కండక్టరు
ఆడోళ్ల ఆధార్లు చూసుకుంటా
సున్నా టికెట్లు ఇచ్చుకుంటా వచ్చె.
నా జేబులోనూ ఉండాది ఆ కార్డు.
చూపిస్తే ఊరికే పోవచ్చు.
హమాలీ దుడ్లలోంచి నోటు తీసినా.
"యాడికి బ్బా?"
"పత్తికొండ, ఒకటి."
మిషన్లోంచి బెత్తెడు కాగితం వచ్చె.
దాని మీద పేరు లేదు.
జిరాక్సుల పక్కన మడిచి పెట్టుకున్నా.
కోడుమూరు దాటినాక నిద్ర పట్టె.