నుదురు దాకా రాలేదు

నారిన్ బజారులో నాది రెండు కుర్చీల దుకాణం.
నెలకోసారి బూరుల్‌కాన్ వచ్చి కూర్చుంటుంది,
నుదుటి మీది తెల్లపాయకి నల్లరంగు వేయమని.
ఆమె తాతకీ ఉండేదట ఆ పాయ.
నిరుడు పుట్టిన పిల్లకీ ఉంది.

బిష్కెక్ డాక్టరమ్మ మందుచీటీ వెనక బొమ్మగీసి చెప్పిందట:
పిండం వేలెడు కూడా లేనప్పుడే
రంగు కణాలు వెన్ను దగ్గర మూటాముల్లె సర్దుకుని
చీకట్లో బయల్దేరతాయి.
ఒక్కోదాని ఒంటినిండా ఎంజైములు,
పొర బయట చెవి, పొర లోపల చెయ్యి.
దారిలో పిలుపు తగిలితే
రెండేసి చెవులు జతకూడతాయి,
లోపల ఒక చెయ్యి ఇంకో చేతికి
ఫాస్ఫేటు ముద్ర వేస్తుంది:
బతుకు. నడు. ఇంకాస్త నడు.

"మా జన్యువులో ఒకే ఒక్క అక్షరం తప్పటక్కా.
చెవి బాగానే ఉంది, చెయ్యి పడిపోయింది.
మంచిదాన్ని జత కట్టినా
దాన్నీ పని చెయ్యనివ్వదు."

వీపు దాటాయి, మెడ దాటాయి,
అన్నిటికన్నా దూరం నుదురు.
అక్కడ మంచు కురిసినట్టే మిగిలిపోయింది.

బయట వాళ్ళాయన కొత్త గుర్రాన్ని కట్టేస్తున్నాడు.
ముఖాన తెల్లచార. గుర్రాలకీ ఆ జన్యువు ఉంటుందట.
చార ఉందని రెండు గొర్రెలు ఎక్కువిచ్చి మరీ కొన్నాడు.

ఆమె కిటికీలోంచి చాలాసేపు చూసింది.
ఒళ్ళో పిల్ల తల్లి పాయ పట్టుకుని లాగుతోంది.

"ఇవాళ వద్దులే" అంది.
గిన్నెలో కలిపిన రంగుకి మాత్రం
డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళింది.